గాదె లేని కంప్యూటరు

పంచాయతీ కార్యాలయమున కార్యదర్శి కంప్యూటరు ముందు కూర్చుండి లెక్కలు వ్రాయుచుండగా సభ్యులలో చాలమంది చూచియే యుందురు. 2020 ఏప్రిల్ 24వ తేదీన, జాతీయ పంచాయతీరాజ్ దినోత్సవమునాడు, ఇ-గ్రామ్ స్వరాజ్ అను ఏర్పాటు ప్రారంభమైన పిమ్మట పంచాయతీ ప్రణాళికలు, జమాఖర్చులు అందులోనే నమోదగుచున్నవి. అయితే ఆ లెక్కలు కార్యాలయపు బల్లమీది యంత్రములో లేవు. ఆ యంత్రములో తెరువబడునది బ్రౌజరు అను కిటికీ మాత్రమే. ఆ కిటికీ గుండా ఎక్కడో దూరముననున్న పెద్ద యంత్రములలోని పుస్తకమును తెరచి, అందులో వ్రాసి, మరల మూయుచున్నాము. ఇంటర్నెట్టు రాని పూట ఆ పుస్తకము మనకు కనబడదు. పనికొరకు వచ్చినవారు అరుగుమీద కూర్చుండి ఎదురుచూడవలసినదే.

ఏదో ఒకటి రెండు పనులకే గాక, కంప్యూటరు పని యావత్తును ఈ కిటికీ గుండానే జరుగవలెననియు, యంత్రములో ఇక వేరే ఏమియు ఉండనక్కర లేదనియు 2009వ సంవత్సరమున అమెరికాలోని గూగుల్ కంపెనీ తలపెట్టినది. ఆ మాట విని కొందరు మెచ్చుకొనిరి, కొందరు నవ్విరి, కొందరు భయపడిరి. వారి మాటలలో ఏవి నిజమైనవి, ఏవి కాలేదు అనునది ఇన్నేండ్లకు తేలినది. డెన్మార్కు దేశములో మన పంచాయతీవంటి ఒక స్థానిక సంఘము ఈ యంత్రములవలన చిక్కులలో పడినది గనుక, ఆ కథ మన సభ్యులు తెలిసికొనదగినది.

గాదె, గిడ్డంగి

కంప్యూటరు కొనినప్పుడు కంటికి కనబడునవి తెర, మీటలు, పెట్టె. అవి ఉన్నంతమాత్రమున అది పనిచేయదు. మీట నొక్కినప్పుడు ఏ అక్షరము పడవలెను, వ్రాసినదానిని ఎచ్చట దాచవలెను, అచ్చువేయు యంత్రమునకు ఏమి పంపవలెను అని లోపలి భాగములన్నిటికి పని పురమాయించునది ఒకటి ఉండవలెను. దానినే ఆపరేటింగ్ సిస్టము అందురు. పెండ్లి ఇంట వంటవారికి, వడ్డించువారికి, బండ్లవారికి పనులు చెప్పి నడిపించు పెద్దమనిషి వంటిది అది. 2009 నాటికి లోకములోని కంప్యూటర్లలో అత్యధిక భాగమునకు ఆ పెద్దరికము వహించుచున్నది మైక్రోసాఫ్ట్ కంపెనీవారి విండోస్.

ఇట్టి కంప్యూటరులో వ్రాసిన కాగితములు, తీసిన ఫొటోలు ఆ పెట్టెలోనే నిలువయుండును. రైతు తన ధాన్యమును తన ఇంటి గాదెలో పోసికొనుటవంటిది ఇది. గాదె తనది, తలుపు తనది, అర్ధరాత్రి అవసరము వచ్చినను గంపెడు గింజలు తీసికొనవచ్చును. కాని పందికొక్కుల బెడద తనదే, చెమ్మ తగులకుండ చూచుకొను భారము తనదే, ఇల్లు అంటుకొనినచో నష్టమును తనదే.

గూగుల్‌వారు చెప్పినది గిడ్డంగి పద్ధతి. ధాన్యమంతయు పట్నములోని పెద్ద గిడ్డంగిలో ఉండును. రైతు చేతిలో రసీదు ఉండును. ఎలుకలు, చెమ్మ, దొంగలు అను బాధ గిడ్డంగివారిదే. అయితే వాగు పొంగి బాట తెగిన దినమున గిడ్డంగికి పోలేము. దాని తాళపుచెవి మన మొలలో ఉండదు. గిడ్డంగివారు రేపు నియమములు మార్చినచో మనము చేయగలిగినది స్వల్పము. ఈ కంప్యూటరును గూర్చి జరిగిన వాదములన్నియు, ఎంత పెద్ద మాటలతో జరిగినను, ఈ రెండు పద్ధతుల తారతమ్యము చుట్టునే తిరిగినవి.

ప్రకటన, దానిపై తొలి మాటలు

క్రోమ్ అను బ్రౌజరును ఆ కంపెనీ 2008 సెప్టెంబరులో విడుదల చేసినది. ఏడాది తిరుగకముందే, 2009 జూలై 7వ తేదీన, ఆ బ్రౌజరునే ఆధారముగా చేసికొని క్రోమ్ ఓఎస్ అను ఆపరేటింగ్ సిస్టమును నిర్మించుచున్నామని ప్రకటించినది. అప్పటికి ఆ బ్రౌజరును నిత్యము వాడువారు 3 కోట్లకు పైగా ఉన్నారని ఆ ప్రకటనలో చెప్పుకొనిరి. ప్రకటనపై సంతకము చేసిన అధికారులు ఇద్దరు. వారిలో ఒకరు మదురైలో జన్మించి, మదరాసులో పెరిగి, ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లో చదివిన శ్రీ సుందర్ పిచాయ్. ఆయన 2015లో ఆ కంపెనీకే ముఖ్య కార్యనిర్వహణాధికారి అయిరి.

వారు చెప్పిన కారణము సూటియైనదే. వాడుకలోనున్న ఆపరేటింగ్ సిస్టములు ఇంటర్నెట్టు లేని కాలమున పుట్టినవి. నేడు జనులు కంప్యూటరు తెరచుటయే ఇంటర్నెట్టుకొరకు. అట్టివారు మీట నొక్కి నిమిషములకొలది ఎదురుచూడనేల? వైరసులకు వెరవనేల? యంత్రము పాడైనంతనే కాగితములన్నియు పోవలసిన గతి ఏల? లైనక్స్ అను ఉచిత వ్యవస్థపై బ్రౌజరును నిలిపి, చిన్న చవుక యంత్రములలో, కొద్ది సెకండ్లలో పని మొదలగునట్లు చేయుదుమని వారు మాట యిచ్చిరి.

పత్రికలు దీనిని మైక్రోసాఫ్ట్ కోటపై దండయాత్రగా వర్ణించినవి. మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బాల్మర్ ఆ నెలలోనే న్యూ ఆర్లియన్స్ నగరమున జరిగిన తమ వ్యాపార భాగస్వాముల సభలో దీనిని తేలికచేసి మాటలాడెను. ఫోన్లకని ఆండ్రాయిడ్ అను వ్యవస్థ ఒకటి ఆ కంపెనీకి అప్పటికే యున్నది. ఒకే కంపెనీకి రెండు ఆపరేటింగ్ సిస్టములు ఎందులకని ఆయన ప్రశ్న. అంతేగాక జనులు కంప్యూటరుపై గడపు కాలములో దాదాపు సగము బ్రౌజరు వెలుపలి పనులకే పోవుచున్నదని వాదించెను. ప్రత్యర్థి వ్యాపారి మాట గనుక చాలమంది దానిని పట్టించుకొనలేదు. కాని ఆ రెండు మాటలును తరువాతి కాలమున తిరిగి తలయెత్తినవి.

ఆపిల్ కంపెనీలో ఫలితము మరొక రీతిగా కనబడినది. గూగుల్ అధిపతి ఎరిక్ ష్మిట్ ఆపిల్ డైరెక్టర్ల మండలిలోను సభ్యుడు. 2009 ఆగస్టు 3వ తేదీన ఆయన ఆ మండలినుండి తప్పుకొనెను. ఆండ్రాయిడ్, క్రోమ్ ఓఎస్‌లతో గూగుల్ తమ వ్యాపారములోనికే వచ్చుచున్నది గనుక ఆయన మండలిలో ఉండి ప్రయోజనము తగ్గినదని ఆపిల్ ప్రకటించినది. పొత్తు సేద్యము చేయు ఇద్దరిలో ఒకడు పక్కనే సొంత కమతము మొదలుపెట్టినట్లయినది.

ఈ రంగములో తలలు నెరసినవారికి వేరొక సంగతి జ్ఞాపకము వచ్చినది. 1995-96 ప్రాంతమున ఒరాకిల్ కంపెనీ అధిపతి లారీ ఎల్లిసన్ సరిగా ఇట్టి ఊహనే చెప్పియుండెను. 500 డాలర్ల యంత్రము, లోపల నిలువ ఏమియు లేదు, పనియంతయు తీగగుండా అని అప్పుడు ఎంతో ఘోషించిరి. అది సాగలేదు. నాటి టెలిఫోను తీగలపై ఇంటర్నెట్టు నత్తనడక నడచుచుండెను. ఇంతలో మామూలు కంప్యూటర్ల ధరలే తగ్గివచ్చినవి. బాట లేని ఊరికి గిడ్డంగి కట్టినట్లయినది. పదమూడేండ్ల తరువాత బాట బాగుపడినది గనుక ఈసారి సాగవచ్చునని కొందరు, అది మరల అదే కథయని కొందరు తర్కించిరి.

2009 నవంబరు 19వ తేదీన కంపెనీ ఆ వ్యవస్థను ప్రదర్శించి, దాని మూల రచనను ఎవరైనను చూచుకొనుటకు వీలుగా బయట పెట్టినది. 7 సెకండ్లలో యంత్రము సిద్ధమగుటను చూచి జనులు అబ్బురపడిరి. అయితే ఇంట ఉన్న పాత కంప్యూటరులో దీనిని వేసికొనవచ్చునని ఆశపడినవారు నిరాశ చెందిరి. కంపెనీ ఒప్పుకొనిన కొత్త యంత్రములలోనే అది దొరకునని ఆనాడు స్పష్టమైనది. అంతలో 2010లో ఆపిల్‌వారి ఐప్యాడ్ వచ్చి, చవుకైన చిన్న కంప్యూటరును గూర్చిన ముచ్చటను కొంతకాలము మరపించినది.

చేతికి వచ్చిన పిమ్మట

2010 డిసెంబరులో కంపెనీవారు పరీక్షకొరకు కొన్ని యంత్రములను జనులకు ఉచితముగా పంచిరి. నల్లని రంగు, పైన ఏ కంపెనీ ముద్రయు లేదు. పెద్దక్షరములు వ్రాయుటకు వాడు క్యాప్స్ లాక్ అను మీటను తొలగించి, దాని చోట వెదకుటకు ఒక మీటను పెట్టిరి. ఆ చిన్న మీట పోయినందుకు వచ్చిన ఫిర్యాదులు ఇంతింత కాదు. తెలుగు లిపిలో పెద్దక్షరము, చిన్నక్షరము అను భేదము లేదు గనుక ఈ తగవు మనకు వింతగానే తోచును.

అంతకంటె బరువైన అభ్యంతరము రిచర్డ్ స్టాల్‌మన్ వద్దనుండి వచ్చినది. సాఫ్ట్‌వేరు వాడువారికి దానిపై స్వేచ్ఛ ఉండవలెనని 1980ల నుండి ఉద్యమము నడపుచున్న మనిషి ఆయన. ఆ డిసెంబరులోనే ఒక ఆంగ్ల పత్రికతో మాటలాడుచు, ఈ యంత్రము జనులను అజాగ్రత్తకు అలవాటు చేయుచున్నదని హెచ్చరించెను. ఒకని ఇంటిలోని కాగితములు కావలసినచో అమెరికా పోలీసులు న్యాయస్థానమునుండి వారంటు తెచ్చి ఆ ఇంటివానికి చూపవలెను. అవే కాగితములు కంపెనీ గిడ్డంగిలో ఉన్నచో వానికి తెలియకుండనే కంపెనీనుండి పొందవచ్చును అని ఆయన వాదము. ఇంకొక చిత్రమేమనగా, గూగుల్‌వారి జీమెయిల్‌ను సృష్టించిన పాల్ బుక్‌హైట్ అను ఇంజనీరు కూడ, అప్పటికి ఆ కంపెనీని విడిచినవాడు, క్రోమ్ ఓఎస్ మరుసటి సంవత్సరమే ఆగిపోవుననియో ఆండ్రాయిడ్‌లో కలిసిపోవుననియో జోస్యము చెప్పెను.

అమ్మకము 2011 జూన్ 15వ తేదీన మొదలైనది. శాంసంగ్, ఏసర్ కంపెనీలు తయారుచేసిన ఈ యంత్రములకు క్రోమ్‌బుక్ అని పేరు. ధర 349 డాలర్లనుండి 499 డాలర్ల వరకు ఉండెను. అదే ధరకు అన్ని పనులు చేయు విండోస్ యంత్రము వచ్చుచుండగా, బ్రౌజరు తప్ప ఏమియు లేని దానిని ఎవరు కొందురని సమీక్షకులు పెదవి విరిచిరి. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. 2012 అక్టోబరులో శాంసంగ్ యంత్రము 249 డాలర్లకు దిగివచ్చిన తరువాతనే కొనువారు పెరిగిరి.

2013 నవంబరులో మైక్రోసాఫ్ట్ ఒక ప్రకటన చిత్రమును టెలివిజనులో చూపినది. ఒక స్త్రీ క్రోమ్‌బుక్‌ను తాకట్టు కొట్టుకు తెచ్చును. ఇంటర్నెట్టు లేనిచో ఇది ఇటుకతో సమానమని కొట్టువాడు వెనుకకు త్రోసివేయును. పరిహాసములో అతి ఉన్నను ప్రశ్న మాత్రము సరియైనదే. గూగుల్‌వారును ఆ సంగతి గ్రహించిరి. తీగ తెగినప్పుడు కూడ ఉత్తరములు చదువుటకు, కాగితములు వ్రాయుటకు వీలు కల్పించుచు వచ్చిరి. 2016లో ఆండ్రాయిడ్ అనువర్తనములను, 2018లో లైనక్స్ కార్యక్రమములను ఈ యంత్రములోనికి అనుమతించిరి. అనగా గాదె అక్కరలేదని మొదలిడినవారు మెల్లమెల్లగా ఇంటిలో ఒక కుండ, ఒక బుట్ట, పిమ్మట ఒక చిన్న గాదె అమర్చుకొనిరి. చివరకు 2025లో, క్రోమ్ ఓఎస్‌ను ఆండ్రాయిడ్‌ను ఒకే వ్యవస్థగా కలుపుచున్నామని ఆ కంపెనీ అధికారులే ప్రకటించిరి. బాల్మర్ ప్రశ్నకు 16 ఏండ్లకు జవాబు వచ్చినది. బుక్‌హైట్ జోస్యము ఫలించుటకు, ఆయన అనుకొనిన ఒక్క ఏడాది గాక, ఇంచుమించు పదునైదేండ్లు పట్టినది.

గిడ్డంగివారు తలుపు మూసిన సందర్భమును ఒకటి కలదు. ఈ యంత్రములనుండి కాగితములు అచ్చువేయుటకు కంపెనీ తన సొంత ఇంటర్నెట్టు సేవను ఏర్పరచియుండెను. దానిని 2020 డిసెంబరు 31వ తేదీతో నిలిపివేసినది. ముందుగానే తెలిపిరి, వేరు మార్గములు చూపిరి. అయినను దానినే నమ్ముకొనిన కార్యాలయములు కొత్త ఏర్పాటు చేసికొనక తప్పలేదు.

బడులలో

కార్యాలయములను, గృహస్థులను ఉద్దేశించిన ఈ యంత్రమునకు నిజమైన ఆదరము లభించినది బడులలో. ఇది మొదట ఎవరును గట్టిగా ఊహింపనిది. కారణము తెలిసినచో ఆశ్చర్యము ఉండదు. ధర తక్కువ. పిల్లవాడు ఏ యంత్రము ముందు కూర్చుండినను తన పేరు, పాస్‌వర్డు ఇచ్చినంతనే తన పుస్తకములు తెరచుకొనును. ఒకటి పగిలినచో మరొకటి చేతికిచ్చిన చాలును; వ్రాసిన పాఠము పోదు. జిల్లా కార్యాలయమున ఒక ఉద్యోగి కూర్చుండి వేల యంత్రములను ఒక్కచోటినుండి అదుపుచేయవచ్చును. కంప్యూటర్లు బాగుచేయు మనిషిని బడికొకనిని పోషింపలేని చిన్న ఊళ్ళకు ఇది గొప్ప వెసులుబాటు. 2016 నాటికి అమెరికా పాఠశాలలకు కొనిన ఇట్టి యంత్రములలో సగమునకు మించి క్రోమ్‌బుక్‌లే. 2020లో కోవిడ్ వలన బడులు మూతపడి, పాఠములు ఇండ్లకు తరలినప్పుడు వీనికై దేశదేశములలో పోటీపడిరి. ఈ యంత్రము బ్రతికి బట్టకట్టినదన్నచో అది పిల్లల చలువయే.

అచ్చటనే కొత్త ఫిర్యాదులును పుట్టినవి. మొదటిది యంత్రపు ఆయుష్షును గూర్చినది. ప్రతి క్రోమ్‌బుక్‌కు కంపెనీ ఒక తేదీ నిర్ణయించును. ఆ తేదీ దాటిన పిమ్మట భద్రతకు సంబంధించిన సవరణలు అందవు. యంత్రము చక్కగా పనిచేయుచున్నను పరీక్షలకు, ప్రభుత్వ పనులకు వాడరాదనవలసి వచ్చును. తొలినాళ్ళలో కొన్ని మాదిరులకు ఈ గడువు 5 ఏండ్లే. పైగా ఆ గడువు మనము కొనిన నాటినుండి గాక, ఆ మాదిరి మొదట తయారైన కాలమునుండి లెక్కకు వచ్చును. అంగడిలో రెండేండ్లు పడియున్న యంత్రమును చవుకగా వచ్చినదని కొనినవారికి ఆ రెండేండ్లు పోయినట్లే. ఎరువుల బస్తాపై, పురుగుమందు డబ్బాపై గడువు తేదీ చూచుకొను రైతునకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. కాని కంప్యూటరుపై అట్టి తేదీ ఉండునని పాఠశాలల వారికి తట్టలేదు.

2023 ఏప్రిల్‌లో యు.ఎస్. పిర్గ్ అను అమెరికా ప్రజాహిత సంస్థవారు ఈ విషయమై ఒక నివేదిక వెలువరించిరి. ఈ యంత్రముల ఆయుష్షు రెట్టింపైనచో ఆ దేశపు పాఠశాలలకు 180 కోట్ల డాలర్లు మిగులగలవని అందులో అంచనా వేసిరి. గుట్టలుగా పడియున్న పాత యంత్రముల ముచ్చట పత్రికలకెక్కినది. ఆ సెప్టెంబరులోనే గూగుల్‌వారు 2021నుండి వెలువడిన మాదిరులన్నిటికిని 10 ఏండ్లపాటు సవరణలు అందజేయుదుమని ప్రకటించిరి. పన్ను కట్టువారు, బడుల పెద్దలు కలిసి అడిగినచో పెద్ద కంపెనీ అయినను దిగివచ్చునని చెప్పుటకు ఇది మంచి దృష్టాంతము.

రెండవది పిల్లల వివరములను గూర్చినది. 2015 డిసెంబరులో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అను సంస్థ, పిల్లలు బ్రౌజరులో ఏమేమి చూచిరో ఆ వివరములు కంపెనీకి చేరుచున్నవని అమెరికా ప్రభుత్వ సంఘమునకు ఫిర్యాదు చేసినది. తాము నియమములను, ఇచ్చిన మాటను మీరలేదని కంపెనీ సమాధానమిచ్చినది. ఈ తగవు యొక్క అసలు ఘట్టము మాత్రము నడచినది సముద్రమునకు ఆవల, డెన్మార్కులో.

హెల్సింగోర్ సంఘమునకు వచ్చిన చిక్కు

హెల్సింగోర్ అనునది డెన్మార్కులో సముద్రపు ఒడ్డున నున్న పట్టణము. షేక్స్‌పియరు హామ్లెట్ నాటకమును నడిపిన కోట ఇచ్చటిదే. పట్టణమును, చుట్టుపట్ల గ్రామములను కలిపి పాలించు స్థానిక సంఘము ఒకటి కలదు. ఆ దేశములో ప్రభుత్వ బడులు నడపు బాధ్యత ఇట్టి సంఘములదే. ఆ సంఘమువారు తమ బడిపిల్లలకు క్రోమ్‌బుక్‌లు, వానితోపాటు గూగుల్ ఖాతాలు ఇచ్చిరి. వారి ఉద్దేశము మంచిదే, ధరయు కలిసివచ్చినది.

2019లో ఒక పిల్లవాని తండ్రికి, బడి ఇచ్చిన ఖాతాద్వారా పిల్లల పేరు, బడి మొదలగు వివరములు లోకమునకు కనబడు అవకాశమున్నదని తెలియవచ్చినది. తనను అడుగక తన బిడ్డ పేరున ఖాతా ఎట్లు తెరచిరని ఆయన సంఘమును నిలదీసెను. పిమ్మట వ్యక్తుల సమాచారమును రక్షించు ప్రభుత్వ సంస్థకు ఫిర్యాదు వెళ్ళినది. ఆ సంస్థవారు 2021లో సంఘమును ఒకే ప్రశ్న అడిగిరి: ఈ యంత్రములు పిల్లలకిచ్చుటకు ముందు, వారి వివరములు ఎచ్చటికి పోవును, ఎవరి చేతిలో పడును, దానివలన ఏమి కీడు కలుగవచ్చును అని మీరు విచారించితిరా? విచారించినచో ఆ కాగితము చూపుడు. చూపదగిన కాగితము సంఘమువద్ద లేదు.

విచారణ జరిపి వ్రాసి పంపుడని ఆజ్ఞయైనది. పంపినదానితో తృప్తి కలుగక, 2022 జూలై 14వ తేదీన ఆ యంత్రములను, గూగుల్ సేవలను వాడరాదని నిషేధించిరి. వేసవి సెలవులు ముగిసి బడులు తెరచు తరుణమది. పాఠములన్నియు ఆ యంత్రములలో, ఆ గిడ్డంగిలో ఉన్నవి. ఉపాధ్యాయులు ఏమి చేయవలయునో తోచక కాగితములు, పెన్సిళ్ళు వెదకుకొనిరి. సెప్టెంబరులో నిషేధమును తాత్కాలికముగా నిలిపి, లోపములు సరిదిద్దుకొనుటకు సంఘమునకు వ్యవధి యిచ్చిరి.

అంతటితో తీరలేదు. డెన్మార్కులో మొత్తము స్థానిక సంఘములు 98. అందులో 53 సంఘముల బడులలో ఇదే ఏర్పాటు కలదు. 2024 జనవరి 30వ తేదీన వచ్చిన తీర్పు ఆ 53 సంఘములకును వర్తించినది. తీర్పులోని అంశము మన సభ్యులు నిదానముగా గ్రహింపదగినది. పిల్లలకు చదువు చెప్పుటకు ఎంత సమాచారము అవసరమో అంతవరకు సంఘము కంపెనీకి ఇయ్యవచ్చును. కాని కంపెనీ తన బ్రౌజరును, తన ఆపరేటింగ్ సిస్టమును మెరుగుపరచుకొనుటకు పిల్లల సమాచారమును వాడుకొనుచున్నచో, దానికి అనుమతి యిచ్చు అధికారము సంఘమునకు లేదు. బడి నడుపుటకు సంఘమునకు చట్టము అధికారమిచ్చినది; కంపెనీ సరుకును బాగుచేయించుటకు ఇయ్యలేదు. ఆగస్టు 1వ తేదీలోగా సరిదిద్దుకొనవలెనని గడువు విధించిరి. అన్ని సంఘములు తమ సమాఖ్యద్వారా కలిసి కంపెనీతో మాటలాడి నిబంధనలను మార్పించుకొనినవి. ఒక్క ఊరు అడిగినప్పుడు కదలని నిబంధన 53 ఊళ్ళు అడిగినప్పుడు కదలినది.

2009లో వాదించిన నిపుణులెవ్వరును బడిపిల్లలను గూర్చి గాని, గ్రామ సంఘములను గూర్చి గాని ఆలోచింపలేదు. స్టాల్‌మన్ చేసిన హెచ్చరిక మాత్రమే ఈ దిక్కున కొంత చూచినది. ఆనాడు దానిని ఛాందసముగా చాలమంది కొట్టివేసిరి.

మన కార్యాలయములో, మన బడిలో

2023 అక్టోబరునుండి చెన్నై సమీపమున హెచ్.పి. కంపెనీవారు క్రోమ్‌బుక్‌లు తయారుచేయుచున్నారు. ఇవి బడులను ఉద్దేశించినవే. గ్రామములోని బడికి దాత యెవరైనను ఇట్టి యంత్రములు ఇవ్వజూపవచ్చును, లేదా పంచాయతీయే కొనదలచవచ్చును. పాఠములకు ఇవి సరిపోవును. కరెంటు తక్కువ తినును. వైరసు బాధ బహు స్వల్పము. ఇంటర్నెట్టు నిలకడగా అందు బడిలో వీనిని కాదనుటకు కారణము లేదు.

పంచాయతీ కార్యాలయమునకు మాత్రము కొనుటకు ముందు ఒక పరీక్ష చేయవలెను. చెల్లింపుల ఆమోదమునకు సర్పంచి, కార్యదర్శి వాడు డిజిటల్ కీ మన సభ్యులకు తెలిసినదే. ఆ కీ పనిచేయుటకు దాని సాఫ్ట్‌వేరు యంత్రములో ఉండవలెను. అది సాధారణముగా విండోస్‌కొరకు వ్రాయబడినది. లెక్కల పుస్తకము బ్రౌజరులో తెరచుకొనినను, చెల్లింపు దగ్గర పని ఆగిపోవచ్చును. అట్లే మన తీర్మానములు, కరపత్రములు పలుచోట్ల అను వంటి పాత తెలుగు అక్షరములతో విండోస్‌పై తయారగుచున్నవి. ఆ ఫైలు బ్రౌజరు యంత్రములో తెరచినచో తెలుగునకు బదులు అర్థములేని గుర్తులు కనబడును. కనుక అమ్మువాని మాటపై పోక, కార్యదర్శిని, డిజిటల్ కీని, పాత తీర్మానపు ఫైలు నొకదానిని వెంటబెట్టుకొని పోయి, ఆ యంత్రముపై పని చేయించి చూచుట మంచిది. బ్రౌజరు వెలుపలి పని చాల ఉన్నదని బాల్మర్ అనినది ఇట్టిచోట అక్షరాల నిజము.

బడికి యంత్రములు వచ్చునపుడు పిల్లల పేర ఖాతాలు ఎవరు తెరతురు, అందులో ఏయే వివరములు వ్రాయుదురు, పిల్లవాడు బడి విడిచిన పిమ్మట ఆ ఖాతా ఏమగును అని ప్రధానోపాధ్యాయుని, దాతను అడిగి జవాబును వ్రాతమూలముగా పుచ్చుకొనవలెను. తల్లిదండ్రులకు ముందుగా తెలుపవలెను. హెల్సింగోర్ సంఘమువద్ద లేకపోయినది ఈ కాగితమే. సవరణలు అందు కడపటి తేదీ యంత్రములోని సెట్టింగులలో, క్రోమ్ ఓఎస్‌ను గూర్చిన పుటలో కనబడును. మాదిరి పేరు తెలిసినచో కొనుటకు ముందే కంపెనీ ప్రకటించిన పట్టికలోను చూడవచ్చును. ఆ తేదీని బడి సామగ్రి రిజిస్టరులో యంత్రపు సంఖ్య ప్రక్కనే వ్రాయించి ఉంచవలెను.